వ్యాసానికి అరగంట

బిజినెస్ స్కూల్ ప్రవేశ పరీక్షలో వచ్చే వ్యాసాన్ని ఇంగ్లిషు పరీక్ష అనుకునేవాళ్లు ఆ అరగంటకి ఎక్కువ భయపడతారు, తక్కువ సిద్ధపడతారు. రాజపాళయం లాంటి ఊళ్లలో ఈ పొరపాటు మరీ సులువుగా జరుగుతుంది. ఇంట్లో తెలుగు, బజార్లో తమిళం, కాలేజీలో ఇంగ్లిషు. మూడూ వచ్చు కానీ ఏదీ పూర్తిగా రాదని పిల్లలు తమ మీద తామే తీర్పు చెప్పేసుకుంటారు. విజయనగర రాజుల, మధుర నాయకుల కాలంలో ఉత్తరం నుంచి దిగివచ్చి పడమటి కనుమల కింద స్థిరపడ్డామని చెప్పుకునే రాజుల కుటుంబాలు ఇన్ని తరాల తర్వాత కూడా తెలుగులోనే పోట్లాడుకుంటాయి, తెలుగులోనే పెళ్లి మాటలు మాట్లాడుకుంటాయి. రాత మాత్రం తమిళం. 2006లో తమిళనాడు ప్రభుత్వం పదో తరగతి దాకా తమిళం తప్పనిసరి చేస్తూ చట్టం తెచ్చాక ఈ ఏర్పాటు ఇంకా గట్టిపడింది. రాజపాళయంలో పుట్టి ఈ పేజీని ఎవరి సాయమూ లేకుండా చదవగలుగుతున్నారంటే మీరు ఇప్పటికే ఒక లిపిని సొంతంగా నేర్చుకున్నారన్నమాట. అరగంట వ్యాసం అంతకంటే కష్టమేమీ కాదు.

జీఆర్‌ఈలో వ్యాసానికి సున్నా నుంచి ఆరు దాకా, అర మార్కు తేడాతో మార్కులు వేస్తారు. ఆ పరీక్ష నడిపే ఈటీఎస్ సంస్థ ఏ మార్కుకి ఏమేం చూస్తారో బహిరంగంగానే ప్రకటించింది. ఆరు వచ్చే వ్యాసంలో కూడా చిన్న చిన్న భాషా దోషాలు ఉండవచ్చని అందులో రాసే ఉంది. చూసేది వేరు: ఒక విషయం మీద మీకో స్పష్టమైన అభిప్రాయం ఉందా, దానికి కారణాలున్నాయా, ఉదాహరణలు ఆ కారణాల్ని మోస్తున్నాయా, ఒక మాట తర్వాత ఇంకో మాట ఎందుకు వచ్చిందో చదివేవాడికి తెలుస్తోందా. రాజపాళయం అరుగు మీద ఏ సాయంత్రమైనా జరిగే వాదనల్లో ఇవన్నీ ఉంటాయి. కాగితం మీదకి వచ్చేసరికే మాయమవుతాయి.

ముందు ఏ పరీక్షలో వ్యాసం ఉంది, ఏ పరీక్షలో లేదు అన్నది తేల్చుకోండి. పాత పుస్తకాలు చూసి లేనిదానికి సిద్ధపడేవాళ్లు ఇంకా ఉన్నారు. జీమ్యాట్‌లో 1994 నుంచి వ్యాసం ఉండేది. మొదట్లో రెండు రాయించేవారు. 2012లో ఒకటి తీసేశారు. 2023 నవంబరులో వచ్చిన కొత్త జీమ్యాట్‌లో రెండోదీ పోయింది. జీఆర్‌ఈలోనూ రెండు ఉండేవి. 2023 సెప్టెంబరులో పరీక్షని కుదించి, రెండు గంటల లోపు తెచ్చినప్పుడు ఒకటే మిగిల్చారు: ఒక అభిప్రాయం ఇచ్చి, దాన్ని ఎంతవరకు ఒప్పుకుంటారో ముప్పై నిమిషాల్లో రాయమంటారు. హైదరాబాద్ ఐఎస్‌బీతో సహా చాలా బిజినెస్ స్కూళ్లు జీఆర్‌ఈ స్కోరు తీసుకుంటాయి కాబట్టి ఆ దారిలో వెళ్లేవాళ్లకి వ్యాసం తప్పదు. క్యాట్‌లో వ్యాసం లేదు. అయితే క్యాట్ గట్టెక్కి ఐఐఎం పిలుపు అందుకున్నాక వాట్ అనే రాతపరీక్ష ఎదురవుతుంది. 2012 ప్రాంతంలో చాలా ఐఐఎంలు గ్రూప్ డిస్కషన్ పక్కనపెట్టి దీన్ని తెచ్చాయి. అహ్మదాబాద్ ఐఐఎం తన రాతపరీక్షలో ఎవరిదో ఒక వాదన ఇచ్చి దాన్ని విశ్లేషించమనే పద్ధతి పాటిస్తూ వచ్చింది. అంటే జీమ్యాట్, జీఆర్‌ఈ రెండూ వదిలేసిన వాదన విశ్లేషణ మన దేశంలో ఇంకా బతికే ఉంది. కాబట్టి రెండు రకాలకీ సిద్ధపడాలి: మీ అభిప్రాయం రాయడానికి, ఇంకొకరి వాదనలో బొక్కలు వెతకడానికి.

అభిప్రాయ వ్యాసం సంగతి ముందు చూద్దాం. ఇందులో అందరూ బోల్తాపడేది ఉదాహరణల దగ్గర. నోకియా మునిగింది, కొడాక్ మునిగింది, స్టీవ్ జాబ్స్‌ని సొంత కంపెనీయే గెంటేసింది, ఎడిసన్ వెయ్యిసార్లు విఫలమయ్యాడు. దిద్దేవాళ్లు ఈ నాలుగు కథలూ రోజుకి ఎన్నిసార్లు చదువుతారో ఊహించుకోండి. విన్న కథ కావడం ఒక్కటే ఇబ్బంది కాదు. నోకియా గురించి మీకు తెలిసింది రెండు వాక్యాలే. మూడో వాక్యం రాయాల్సి వచ్చినప్పుడు చెప్పడానికి ఏమీ ఉండదు. నేల విడిచి సాము చేస్తే ఇలాగే ఉంటుంది. తెలిసిన చోట నిలబడి రాసేవాడికి మూడో వాక్యం, నాలుగో వాక్యం వాటంతట అవే వస్తాయి.

రాజపాళయంలో నిలబడి చూడండి. నేను తయారుచేసిన ప్రశ్న ఒకటి ఇస్తాను: తనకి బాగా తెలిసిన పనికే కట్టుబడిన సంస్థే ఎక్కువ కాలం నిలుస్తుంది. మీరు ఒప్పుకుంటారా?

మీ ఊళ్లో దీనికి రెండు జవాబులు ఎదురెదురుగా నిలబడి ఉన్నాయి. పి.ఎ.సి. రామస్వామి రాజా 1936లో రాజపాళయం మిల్స్ పెట్టారు. చుట్టూ పత్తి పండే నల్లరేగడి, కాబట్టి నూలు మిల్లు సహజమే. కానీ అక్కడితో ఆగలేదు. 1957లో మద్రాస్ సిమెంట్స్ కంపెనీ మొదలైంది. సున్నపురాయి దొరికే విరుదునగర్ దగ్గర ఫ్యాక్టరీ లేచింది. ఆ తర్వాత ఇంటికప్పు రేకులు, ఇంకా తర్వాత సాఫ్ట్‌వేర్ కూడా ఆ కుటుంబం చేతి మీదుగానే వచ్చాయి. 2013లో ఆ సిమెంటు కంపెనీ పేరు రామ్‌కో సిమెంట్స్‌గా మారింది. నూలు ఒడికే చేతులు సిమెంటు జోలికి పోయి నిలబడ్డాయి. ప్రశ్నలోని మాటకి ఇది నేరుగా అడ్డం తగులుతుంది.

రాజపాళయం పక్కనే ఉన్న ఛత్రపట్టికి వెళ్లండి. అక్కడి మరమగ్గాల మీద నేసేది బ్యాండేజీ గుడ్డ, గాజ్ గుడ్డ. ఆసుపత్రులకి వెళ్లే ఈ పల్చటి నేతతోనే ఛత్రపట్టికి పేరు. ఒక్క సరుకునే పట్టుకుని తరాలుగా నిలిచిన ఊరు. ప్రశ్నలోని మాటకి ఇది సాక్ష్యం చెబుతుంది.

ఇక్కడ చాలామంది "రెండు వైపులా నిజముంది, మధ్యేమార్గం మంచిది" అని రాసి ముగించేస్తారు. గోడ మీద పిల్లి వాటం అంటారు దీన్ని. దిద్దేవాళ్లకి ఇది ఇట్టే దొరికిపోతుంది. రెండూ నిజమైనప్పుడు, దేన్ని బట్టి ఒకటి ఒకచోట, ఇంకొకటి ఇంకొకచోట నిజమైందో చెప్పడమే వ్యాసం. రామ్‌కో కుటుంబం పని మార్చగలిగింది, ఎందుకు? మొదటి మిల్లు నిలదొక్కుకున్నాక దగ్గర పెట్టుబడి ఉంది, ఫ్యాక్టరీ నడపడం తెలుసు, బ్యాంకు తలుపు తడితే తెరుచుకుంటుంది. సిమెంటు కొత్తే కావచ్చు, ఫ్యాక్టరీ కొత్త కాదు. ఛత్రపట్టిలో నాలుగు మగ్గాలు పెట్టుకున్నవాడికి ఆ వెసులుబాటు లేదు. అతని బలం వేరే చోట ఉంది: పక్కింట్లోనూ అదే నేత, పడుగు పట్టేవాడూ, మగ్గం బాగుచేసేవాడూ, సరుకు కొనేవాడూ ఒకే వీధిలో దొరుకుతారు. పని మారిస్తే వీళ్లందరినీ వదులుకోవాలి. అయితే ఈ బలానికి ఒక ముల్లు కూడా ఉంది. నూలు ధర పెరిగిన రోజున ఊరంతా ఒకేసారి ఇబ్బంది పడుతుంది. తప్పించుకునే దారి ఎవరికీ ఉండదు.

ఇప్పుడు మీ అభిప్రాయం చెప్పండి. పెట్టుబడి ఉన్న సంస్థకి తెలిసిన పనికే కట్టుబడటం అవసరం లేదు. పెట్టుబడి లేక, ఇరుగుపొరుగు బలం మీద బతికే చిన్న నేతగాళ్లకి అదే ప్రాణం, అదే ప్రమాదం. ఇది ఎక్కడో పుస్తకంలో దొరికిన వాక్యం కాదు, మీ ఊరు చూసి మీరు తీర్చుకున్నది. దీన్ని సాదా ఇంగ్లిషులో రాసినా చదివేవాడు ఆగి చూస్తాడు.

ఈ పేరాలు మళ్లీ ఒకసారి చదివి, వాస్తవాలు ఎన్ని ఉన్నాయో, వాటి మీద ఆలోచన ఎంత ఉందో చూసుకోండి. 1936, 1957, సున్నపురాయి, బ్యాండేజీ గుడ్డ, ఇంకో రెండు మూడు. అంతే. మిగతాదంతా ఆ వాస్తవాలు ఏం చెబుతున్నాయి అన్న విచారణ. పరీక్షలో నేను సూచించే పాలు కూడా ఇదే: వాస్తవానికి ఒక వాక్యం, దాని మీద మీ ఆలోచనకి మూడు. చాలామంది దీన్ని తలకిందులు చేస్తారు. రామస్వామి రాజా జీవితచరిత్ర ఒక పేరా అంతా రాసి, చివర "దీన్ని బట్టి పట్టుదల ముఖ్యమని తెలుస్తోంది" అని ఒక వాక్యం తగిలిస్తారు. అది వ్యాసం కాదు, వర్ధంతి సభలో ఉపన్యాసం.

రాజకీయం, న్యాయం, నాయకత్వం మీద ప్రశ్న వస్తే? దానికీ బయటికి పోనక్కర్లేదు. 1898లో రాజపాళయంలో పుట్టిన పి.ఎస్. కుమారస్వామి రాజా 1949 ఏప్రిల్ నుంచి 1952 ఏప్రిల్ దాకా మద్రాసు ప్రభుత్వానికి అధిపతి. ఈ మూడేళ్లు ఎంత సరుకున్న మూడేళ్లో చూడండి. రాజ్యాంగం అమల్లోకి వచ్చింది ఆయన హయాంలోనే. కాలేజీ సీట్లను కులాల వారీగా పంచే మద్రాసు జీవోని చంపకం దొరైరాజన్ కేసులో సుప్రీంకోర్టు 1951 ఏప్రిల్‌లో కొట్టేసిందీ అప్పుడే. అదే ఏడాది జూన్‌లో పార్లమెంటు మొదటి రాజ్యాంగ సవరణ చేసి, వెనకబడిన వర్గాలకి ప్రత్యేక ఏర్పాట్లు చేసే వీలు కల్పించింది. చట్టానికీ న్యాయానికీ తేడా ఏమిటన్న ప్రశ్న వస్తే ఇంతకంటే మంచి ఉదాహరణ ఎక్కడ దొరుకుతుంది? చట్టం అక్షరం ప్రకారం కోర్టు చెప్పింది సరైనదే. ఆ అక్షరం సరిపోదని పార్లమెంటు అనుకుంది. ఎవరిది న్యాయం? ఇదీ వ్యాసంలో మీరు తేల్చాల్సిన మాట.

ఆ వెంటనే వచ్చిన 1952 ఎన్నికల్లో మద్రాసు శాసనసభలోని 375 సీట్లలో కాంగ్రెస్‌కి 152 వచ్చాయి. కుమారస్వామి రాజా కూడా ఓడిపోయారు. రాజాజీ ముఖ్యమంత్రి అయ్యారు. కుమారస్వామి రాజాని తర్వాత ఒరిస్సా గవర్నర్‌గా పంపారు. ప్రజల ఓటే నాయకుడి పనితీరుకి సరైన కొలత అన్న వాక్యం మీద రాయమంటే ఈ ఓటమిని అటూ వాడొచ్చు, ఇటూ వాడొచ్చు. ఒక మనిషి పనికి పడిన ఓట్లా, ఒక పార్టీ మీద కోపానికి పడిన ఓట్లా? ముఖ్యమంత్రితో పాటు మంత్రులు కూడా ఓడినప్పుడు ఆ తీర్పు ఎవరి మీద? ఈ ప్రశ్నలు వేసుకున్నవాడికి వ్యాసం సగం వచ్చేసినట్టే.

తేదీల విషయంలో జాగ్రత్త. తెలియని సంఖ్య రాయకండి. "1950ల మొదట్లో" అని రాస్తే మార్కేమీ పోదు. లేని సర్వే, లేని విశ్వవిద్యాలయ అధ్యయనం, లేని శాతాలు సృష్టించే అలవాటు ఈ మధ్య బాగా పెరిగింది. దీని వెనక ఒక పుకారు ఉంది: వ్యాసాలు యంత్రం దిద్దుతుంది, దానికి నిజం అబద్ధం తెలియవు. పుకారులో సగం నిజముంది. ఈటీఎస్ దగ్గర ఈ-రేటర్ అనే ప్రోగ్రామ్ ఉంది. జీమ్యాట్ 1999 నుంచే దాన్ని వాడింది. ఎంఐటీలో రాత నేర్పిన లెస్ పెరెల్మన్ ఇలాంటి ప్రోగ్రాములు పొడుగాటి వాక్యాలకీ, పెద్ద పెద్ద మాటలకీ లొంగిపోతాయని, చరిత్ర తప్పుగా రాసినా పట్టించుకోవని ఏళ్ల తరబడి ఎత్తిచూపాడు. 2014లో కొందరు విద్యార్థులతో కలిసి బేబెల్ అనే ప్రోగ్రామ్ తయారుచేశాడు. మూడు మాటలు ఇస్తే అర్థంపర్థం లేని వ్యాసాన్ని గంభీరమైన ఇంగ్లిషులో అల్లి ఇచ్చేది. యంత్రాలు ఆ వ్యాసాలకి మంచి మార్కులే వేశాయి. ఇది విని కొందరు కోచింగ్ సెంటర్లవాళ్లు అలాంటి వాక్యాలే బట్టీ పట్టించడం మొదలెట్టారు. కానీ జీఆర్‌ఈలో మీ వ్యాసాన్ని ముందు ఒక మనిషి చదువుతాడు. ఆ మనిషి మార్కుకీ యంత్రం మార్కుకీ పొంతన లేకపోతే ఇంకో మనిషి చదువుతాడు. వాట్ రాసినప్పుడైతే చదివేది ఆచార్యుడే. యంత్రాన్ని మోసం చేయడానికి బట్టీ పట్టిన వాక్యం ఆయన ముందు ఎలా కనబడుతుందో వేరే చెప్పాలా?

ఇక రెండో రకం. ఎవరిదో వాదన ఇస్తారు, దాని బలాబలాలు చెప్పమంటారు. ఇక్కడ మీ అభిప్రాయం ఎవరికీ అక్కర్లేదు. విషయం మీద ఉపన్యాసం ఇవ్వడం మొదలెట్టారా, పని చెడినట్టే. వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఈ ముగింపు నిజం కావాలంటే ఇంకా ఏమేం నిజమై ఉండాలి?

మీ ప్రాంతానికి తగిన వాదన ఒకటి కల్పిస్తాను. ఒక నూలు మిల్లు మేనేజరు ఇలా రాశాడనుకోండి: "మా పక్క మిల్లు మే నెలాఖరులో సొంత గాలిమర పెట్టుకుంది. జూన్, జూలై, ఆగస్టు నెలల్లో వాళ్లు కట్టిన కరెంటు బిల్లు అంతకుముందు మూడు నెలల బిల్లులో సగమే. కాబట్టి మనమూ గాలిమర పెట్టుకుంటే మన ఏడాది కరెంటు ఖర్చు సగానికి పడిపోతుంది, మన లాభం పెరుగుతుంది."

రాజపాళయంవాడు ఇది చదవగానే నవ్వాలి. నైరుతి గాలి కనుమల్లోని చెంకోట సందులోంచి దూసుకొచ్చేది ఆ నెలల్లోనే. తమిళనాడు గాలిమరలకి మే నుంచి సెప్టెంబరు దాకానే పండగ. జనవరిలో అదే మర బద్ధకంగా తిరుగుతుంది. మూడు నెలల గాలి చూసి పన్నెండు నెలల లెక్క కట్టడం ఈ వాదనలోని మొదటి లోపం. రెండోది: ఆ నెలల్లో పక్క మిల్లు ఎప్పటంత నూలు తీసిందా? ఆర్డర్లు లేక ఒక షిఫ్టు మూసేసుకుంటే గాలిమర లేకపోయినా బిల్లు తగ్గేది. మూడోది: బిల్లు తగ్గితే లాభం పెరుగుతుందన్నాడు. గాలిమర కొన్న అప్పు మీద వడ్డీ ఏమైంది? నాలుగోది: పక్క మిల్లు ఎంత, మన మిల్లు ఎంత? వెతికితే ఐదోది, ఆరోది కూడా దొరుకుతాయి.

దొరికినవన్నీ రాయకండి. అరగంటలో మూడు లోపాలు చాలు. కానీ ఒక్కొక్కదాన్ని చివరిదాకా తీసుకెళ్లాలి. "గాలి కాలాన్ని బట్టి మారుతుంది" అన్నంత మాత్రాన లోపం చూపించినట్టు కాదు. మారితే వాదనకి ఏమవుతుంది, ఏ సమాచారం తెస్తే వాదన బలపడుతుంది అన్నది కూడా చెప్పాలి. ఏడాది పొడుగునా నెలవారీ ఉత్పత్తి లెక్కలు ఇస్తే, అవి ఎలా ఉంటే మేనేజరు మాట నిలుస్తుంది, ఎలా ఉంటే పడిపోతుంది? ఇంకాస్త ముందుకెళ్లి మీ అభ్యంతరానికి మీరే ఎదురు చెప్పుకోండి. గాలి ఎక్కువున్న నెలల్లో గ్రిడ్‌కి ఇచ్చిన యూనిట్లని జమ వేసుకుని తర్వాత వాడుకునే బ్యాంకింగ్ ఏర్పాటు తమిళనాడులో నడుస్తూ వచ్చింది. అది ఈ మిల్లుకి వర్తిస్తే గాలికాలం మీద మీ అభ్యంతరం కొంత మెత్తబడుతుంది. ఆ ఒక్క వాక్యం రాసినవాడు మిగతావాళ్ల కంటే ఒక మెట్టు పైన నిలబడతాడు.

ఒక హెచ్చరిక. గాలికాలం గురించి మీకు తెలుసు కదా అని దాన్ని తీర్పులా ప్రకటించకండి. వాదనలో మిల్లు ఎక్కడుందో చెప్పలేదు, కాబట్టి "ఆ మూడు నెలలు గాలి ఎక్కువుండే కాలమైతే" అని షరతుతో రాయాలి. ఊరి జ్ఞానం లోపాన్ని వెతకడానికి. దాన్ని సాక్ష్యంగా నిలబెట్టేది మాత్రం ఇచ్చిన పేరాలోని మాటలే.

భాష సంగతి. తెలుగులోనైనా తమిళంలోనైనా క్రియ వాక్యం చివర్లో వస్తుంది. ఆ అలవాటుతో ఇంగ్లిషు రాసేవాళ్లు "ఏది, ఎప్పుడు, ఎందుకు" అన్నీ ముందు పేర్చి, అసలు పనిని నాలుగో లైనులో చెబుతారు. ఈలోగా కర్తకీ క్రియకీ చుట్టరికం తెగిపోతుంది. మందు చిన్నదే: ఎవరు, ఏం చేశారు అన్న రెండిటినీ వాక్యం మొదట్లోనే పక్కపక్కన పెట్టండి. ఒక వాక్యంలో ఒక మాటే చెప్పండి. నిఘంటువులో కొత్తగా దొరికిన మాటని పరీక్షలో మొదటిసారి వాడకండి. అంతకుమించి భాష మీద నేను చెప్పబోయేది లేదు. ఆరు నెలలు వ్యాకరణం చదివి మూడు వ్యాసాలు రాసినవాడి కంటే, వ్యాకరణం ముట్టకుండా ముప్పై వ్యాసాలు రాసినవాడే బాగా రాస్తాడని నా నమ్మకం.

ఆ ముప్పై ఎలా రాయాలి? జీఆర్‌ఈ అభిప్రాయ వ్యాసాల విషయాలన్నిటినీ ఈటీఎస్ ముందే బయట పెట్టింది. పరీక్షలో వచ్చేది వాటిలోంచే. అన్నీ రాయడం ఎవరి వల్లా కాదు, అవసరమూ లేదు. చదువు, ప్రభుత్వం, సాంకేతికత, కళ, నాయకత్వం అని గుంపులుగా విడదీసుకుని ఒక్కో గుంపులో నాలుగైదు రాయండి. వాట్‌కి అయితే దినపత్రికలో వచ్చిన ఏ వివాదమైనా ప్రశ్నే.

రాసే ముందు ఒక పని చేయండి. మీరు చెప్పదలచుకున్నది ఇంట్లో తెలుగులో చెప్పండి. అమ్మకో, మిల్లులో లెక్కలు రాసే పెదనాన్నకో. వాళ్లు "అయితే ఏమంటావురా?" అన్న చోట మీ వాదనలో సందు ఉంది. "ఎందుకట?" అన్న చోట కారణం లేదు. "మొన్న అలా జరగలేదు కదా?" అన్నారంటే మీకో ఎదురు ఉదాహరణ ఉచితంగా దొరికింది. ఇంగ్లిషు వచ్చిన స్నేహితుడికి చూపిస్తే స్పెల్లింగులు దిద్ది ఇస్తాడు. పెదనాన్నకి ఇంగ్లిషుతో పని లేదు, అందుకే నేరుగా వాదన మీద పడతాడు. వాదించే భాషలో వాదన తేల్చుకున్నాక ఇంగ్లిషు రాయడం మిగతా సగం పని. ఇంట్లో తెలుగు మాట్లాడటం లోటని బాధపడేవాళ్లకి నా జవాబు ఇదే.

అరగంటని పంచుకోవడం గురించి. మొదటి ఐదు నిమిషాలు కీబోర్డు ముట్టకండి. ఎటువైపు నిలబడతారో, ఏ రెండు ఉదాహరణలో, ఎదుటివాడి బలమైన మాట ఏమిటో రఫ్ కాగితం మీద గీసుకోండి. తర్వాతి ఇరవై నిమిషాల్లో నాలుగైదు పేరాలు. చివరి ఐదు నిమిషాలు చదువుకోవడానికి. చదివేటప్పుడు మొదటి పేరాలో మీరు తీసుకున్న వైపూ, చివరి పేరాలో నిలిచిన వైపూ ఒకటేనా అన్నది ముందు చూడండి. రాస్తూ రాస్తూ మనసు మారడం మామూలే. అలా మారితే మొదటి పేరానే సవరించండి, చివరిది కాదు. ఆలోచించి తేల్చుకున్నది చివర్లో ఉన్నదే కదా.

జీఆర్‌ఈ తెరలో స్పెల్లింగు తప్పు కింద ఎర్రగీత రాదు, మాట సగం కొడితే మిగతాది అదే పూర్తి చేయదు. ఫోనులో బొటనవేళ్లతో రాయడానికి అలవాటుపడ్డవాళ్లు ఇది పరీక్ష రోజున తెలుసుకుంటే కంగారు పడతారు. ఇంట్లో నోట్‌ప్యాడ్ లాంటి మొద్దు ప్రోగ్రామ్‌లోనే అభ్యాసం చేయండి. వాట్‌కి కలం పట్టించే అవకాశమూ ఉంది కాబట్టి వారానికి ఒక వ్యాసమైనా చేత్తో రాయండి. కాలేజీ వదిలాక సంతకం తప్ప చేత్తో ఏమీ రాయనివాళ్లకి పదో నిమిషంలోనే వేళ్లు లాగుతాయి.

వాట్ రాసి బయటికొచ్చాక కథ అయిపోలేదు. ఇంటర్వ్యూలో ఆ వ్యాసం మీదే ప్రశ్నలు వేసే ఆచార్యులున్నారు. ఏ ఉదాహరణ వాడారో, ఎదుటి వాదనకి ఏమని జవాబిచ్చారో బయటికి రాగానే నాలుగు ముక్కలు నోటు పుస్తకంలో రాసిపెట్టుకోండి. మీరు ఛత్రపట్టి గురించి రాసి ఉంటే "మరి ఆ నేతగాళ్లకి మీరు మేనేజరైతే ఏం చేస్తారు?" అని అడగడం ఖాయం. దానికి జవాబు సిద్ధంగా ఉంచుకోండి. రాజపాళయం పేరు వినగానే బోర్డులో ఎవరో ఒకరు కుక్కల సంగతి కూడా ఎత్తుతారు. ఆ తెల్లటి వేటకుక్క మీద తపాలాశాఖ 2005లో స్టాంపు వేసింది. అదీ చెప్పి, అక్కడితో ఆగకుండా, మీ ఊరి జాతికి అంత పేరున్నా దాన్ని వ్యాపారంగా చూడటంలో మంచేమిటి చెడేమిటి అన్నదాని మీద ఒక నిమిషం మాట్లాడగలిగేలా ముందే ఆలోచించుకుని వెళ్లండి. అదీ ఒక వ్యాసమే, రాయకుండా నోటితో చెప్పాల్సినది.